స్కూల్ లెవీ పునరుద్ధరణ – బ్యాలెట్ గురించి మనవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం.

మన వాషింగ్టన్ రాష్ట్రంలో ఫిబ్రవరి రెండో మంగళవారం జరిగే ప్రత్యేక ఎన్నికలో మన స్కూల్ డిస్ట్రిక్ట్ లెవీ (స్కూళ్ల ఖర్చుల కోసం ఓటర్ల ఆమోదంతో వసూలు చేసే ఆస్తి పన్ను) పునరుద్ధరణ కూడా ఉన్నందున, ఇంటికొచ్చిన బ్యాలెట్ కవరును కూపన్ కాగితాలతో కలిపి పారేయవద్దని మనవి.

ఇది పాత లెవీపై అదనంగా పడే కొత్త పన్ను కాదు, గడువు తీరుతున్న దాని స్థానంలో వచ్చేది. ఓటర్లు ఆమోదించేది ఏడాదికి ఇన్ని డాలర్లనే మొత్తాన్ని కాబట్టి, ఇళ్ల విలువలు పెరిగినంత మాత్రాన డిస్ట్రిక్ట్‌కు ఎక్కువ సొమ్ము రాదు. వెయ్యి డాలర్ల విలువకు పడే రేటే తగ్గుతుంది. అయితే పాతదానికంటే మొత్తం పెంచి డిస్ట్రిక్ట్ అడిగే అవకాశం ఉంది. ఆ అంకెలు ఏడాదివారీగా బ్యాలెట్ మీదే ఉంటాయి, చూసి నిర్ణయించుకోండి. ప్రాథమిక విద్యకు రాష్ట్రమే పూర్తిగా నిధులివ్వాలన్న 2012 నాటి మెక్‌క్లియరీ తీర్పు (రాష్ట్ర సుప్రీంకోర్టుది) తర్వాత రాష్ట్రం నిధులు పెంచినా, నర్సులు, ప్రత్యేక విద్య, ఆటల వంటి ఖర్చులకు లెవీ ఆసరా ఇప్పటికీ అవసరమవుతోంది.

స్కూల్ భవనాల వంటి వాటికి అప్పు తెచ్చే బాండ్లకు 60 శాతం ఓట్లు కావాలి గానీ, లెవీకి సాధారణ మెజారిటీ చాలు. హెచ్‌1బి, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు మార్ట్‌గేజ్‌తో పాటు ఈ పన్ను కడుతున్నా ఓటు వేయలేరు (ఇది నాకూ కష్టంగానే ఉంటుంది). కనుక పౌరసత్వం ఉన్నవారు, అద్దె ఇళ్లలోని వారితో సహా, తప్పక వేయాలి.

స్టాంపు అక్కర్లేదు. కవరు మీద సంతకం మాత్రం మరవకండి. క్రితంసారి మా ఇంట్లో ఒకరు మరిచిపోతే కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. డ్రాప్‌బాక్స్‌లో అయితే ఎన్నిక రోజు రాత్రి 8 గంటల లోపు వేయాలి.