తిప్పి తిప్పి వాయించడమూ విద్యే

సంపాదకులకు,

డీజే పాటల మీద మీ లేఖల శీర్షికలో నడుస్తున్న చర్చ చదువుతున్నాం. చప్పుడు గురించి రాసినవారితో మాకు పేచీ లేదు. రాత్రి పది దాటాక సౌండు బాక్సులు ఆగాల్సిందే. కానీ ఆ ఉత్తరాల్లో ఇంకో మాట పదే పదే కనిపించింది. ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయించడం సంగీతం కాదనీ, పాట కట్టడం చేతకానివాళ్లు కంప్యూటర్‌తో చేసే పని అనీ. ఈ మాట తప్పు. బళ్లలో పిల్లలకు సంగీతం నేర్పాలని అడుగుతున్నవాళ్లే ఇలా అనడం మరీ బాధగా ఉంది. వాయిద్యం ఒక్కటి కూడా లేని సర్కారు బడిలో చెప్పగల మంచి లయ పాఠం ఆ తిప్పి వాయించడంలోనే ఉంది.

ఈ పద్ధతి కంప్యూటర్ల కన్నా ముందుది. 1960లలో అమెరికాలో కొందరు స్వరకర్తలు దీన్ని పట్టుకున్నారు. మినిమలిజం అన్న పేరు తర్వాత స్థిరపడింది. టెర్రీ రైలీ 1964లో కట్టిన 'ఇన్ సి'లో ఉన్నవి 53 చిన్న స్వర ఖండాలు, అంతే. ఒక్కోదాన్ని ఎన్నిసార్లు వాయించాలో ఎవరిష్టం వారిది. ఆగకుండా మోగే ఒక్క స్వరం అందరినీ కలిపి ఉంచుతుంది. మరుసటి ఏడాది స్టీవ్ రైష్ ఒకే మాట ముక్కను రెండు టేప్ రికార్డర్లలో చుట్టు తిప్పి వదిలాడు. రెండు యంత్రాల వేగంలో వెంట్రుకవాసి తేడా. అందువల్ల ఆ రెండు ముక్కలూ మెల్లగా విడిపోయి, ఎవరూ రాయని కొత్త లయలు పుట్టాయి.

దీన్ని ఎవరైనా ఇంట్లో వినొచ్చు. రెండు ఫోన్లలో మెట్రోనోమ్ (సమాన వేగంతో దెబ్బలు వినిపించే) యాప్ పెట్టి, ఒకటి నిమిషానికి 120కి, రెండోది 121కి తిప్పి, ఒకేసారి మొదలుపెట్టండి. అర నిమిషానికి ఒకదాని దెబ్బ రెండోదాని దెబ్బల మధ్య సరిగ్గా నడిమికి వస్తుంది. నిమిషానికి మళ్లీ కలుస్తాయి, కానీ రెండోది ఒక దెబ్బ ముందుంటుంది. డీజే రెండు పాటలు కలిపేటప్పుడు చెవి ఒగ్గి సరిచేసే జారుడు ఇదే. రైష్ దాన్ని సరిచేయకుండా వదిలేసి విన్నాడు.

బడికి పనికొచ్చేది మాత్రం 1972లో ఆయనే రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్'. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు. ఆవర్తం, అంటే తిరిగి తిరిగి వచ్చే ఒక చుట్టు, 12 మాత్రలు (సమానమైన లెక్కలు). మన జతుల్లో, అంటే నోటితో పలికే లయ మాటల్లో చెబితే: త క ధి (ఖాళీ), త క (ఖాళీ), త (ఖాళీ), త క (ఖాళీ). నాలుగు, మూడు, రెండు, మూడు. ఎనిమిది దెబ్బలు, నాలుగు ఖాళీలు. తరగతిని రెండు వరుసలు చేయండి. మొదటి వరుస చివరిదాకా ఇదే కొడుతుంది. రెండో వరుస కాసేపు కలిసి కొట్టి, ఆ తర్వాత మొదటి మాత్రను తీసి చివర పెట్టుకుంటుంది: త క (ఖాళీ), త క (ఖాళీ), త (ఖాళీ), త క (ఖాళీ), త. కొన్ని ఆవర్తాల తర్వాత ఇంకో మాత్ర జరుగుతుంది. పన్నెండు జరుపులకు రెండు వరుసలూ మళ్లీ ఒకటవుతాయి. మూలంలో ఒక్కో అమరిక 12 సార్లు. పిల్లలకు నాలుగు చాలు. నిమిషానికి 120 మాత్రల నడకలో మొత్తం అయిదు నిమిషాల పైచిలుకు పడుతుంది.

మొదటి జరుపు దగ్గర కాస్త ఆగాలి. అక్కడ మొదటి వరుస ఖాళీలు 4, 7, 9, 12. ఆ నాలుగింటి మీదా రెండో వరుస దెబ్బ పడుతుంది. రెండు వరుసలూ కలిసి కొట్టేవి 1, 2, 5, 10 మాత్రమే. అంటే ఆ అమరికలో నిశ్శబ్దం ఎక్కడా ఉండకూడదు. పంతులుగారికి ఎక్కడైనా ఖాళీ వినిపించిందంటే ఎవరో తప్పారు.

తప్పేది ఎక్కువగా మూడు చోట్ల. పన్నెండో మాత్ర ఖాళీని పిల్లలు మింగేసి ఆవర్తాన్ని పదకొండు చేస్తారు. ఆ ఖాళీ దగ్గర వేలు మడవమంటే కుదురుతుంది. రెండోది, జరిగిన వరుస తన 'త క ధి' ఎక్కడుంటే అదే సమం (ఆవర్తం మొదలయ్యే చోటు) అనుకుని అక్కడ గట్టిగా కొడుతుంది. సమం కదలకూడదు. పాట ఎత్తుగడ తాళానికి ముందు పడినా తర్వాత పడినా (అతీత, అనాగతాలు) తాళం కదలనట్టే ఇదీ. మూడోది, ఒక వరుస అరచేతులు చాచి, ఇంకో వరుస గుంటచేసి కొడితే నాదాలు వేరై రెండు లయలు విడివిడిగా వినిపిస్తాయి. ఒకే నాదమైతేనే మూడో లయ పుడుతుంది.

ఇక తర్వాతి పాటల సంగతి. బ్రిటిష్ రాక్ బృందం ద హూ 1971లో 'బాబా ఓ'రైలీ' అని పేరు పెట్టింది మెహెర్ బాబానూ టెర్రీ రైలీనీ కలిపే. రైష్ 1987 నాటి గిటార్ రచనలోంచి ముక్క తీసి ద ఆర్బ్ బృందం 1990లో డాన్స్ పాట కట్టింది. 1999లో డీజేలు ఆయన రచనలతో ఏకంగా ఒక ఆల్బమే చేశారు.

ఇందులో మన పాలూ ఉంది. అదే కోవకు చెందిన స్వరకర్త ఫిలిప్ గ్లాస్ 1960ల నడుమ పారిస్‌లో రవిశంకర్ సినిమా సంగీతాన్ని పాశ్చాత్య లిపిలో రాస్తూ, అల్లా రఖా తబలా లెక్క కుదరక చివరికి ఆ లిపిలో లయను గదులుగా విడదీసే గీతలన్నీ తీసేశాడు. రెండ్లూ మూళ్లూ చేర్చుకుంటూ పోయే ఆయన పద్ధతి స్రోతోవహ యతి (నదిలా పోనుపోను పెరిగే లయ అమరిక) తెలిసినవారికి కొత్త కాదు. 1980లో తొలిసారి వేదికెక్కిన ఆయన 'సత్యాగ్రహ' ఒపెరా (పాటలతో నడిచే నాటకం) సాహిత్యం భగవద్గీత సంస్కృతమే. రైలీ 1970 నుంచి కిరానా ఘరానా హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యుడు. అలాగని అంతా మనదేనంటే అబద్ధం. 'ఇన్ సి' అంతకు ముందే వచ్చింది; రైష్ డోలు నేర్వడానికి వెళ్లింది ఘనాకు.

రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలనూ, ప్రభుత్వ సంగీత కళాశాలలనూ మేం అడిగేది ఇదే. ఏడో తరగతి నుంచి ఏడాదికి నాలుగు పీరియడ్లు ఈ చప్పట్ల పాఠానికి ఇవ్వండి. మొదటి పీరియడ్‌లో అందరూ కలిసి ఒకే ఆవర్తం. జరుపు రెండో పీరియడ్ దాకా వద్దు. మృదంగం విద్యార్థులు దగ్గర్లోని బడికి వెళ్లి చెప్పొచ్చు. కొనాల్సిందేమీ లేదు.

— లయ నేర్పే అధ్యాపకులం, విజయనగరం