17వ నంబరుకి నీ పేరే పెట్టా

ఒరేయ్ ముసలోడా,

రెండు నెలలైనా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అందరం బాగున్నాం, అమ్మ మోకాలు నయం, నీ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ముందు ఇది విను, చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

నా రిలే నెట్‌వర్క్ సిమ్యులేషన్ గుర్తుందిగా, కంప్యూటర్లో నడిపే ఉత్తుత్తి రేడియో నెట్‌వర్క్? టవరుండదు. ఒకడి ప్యాకెట్, అంటే సందేశం ముక్క, దూరంగా ఉన్నవాడికి చేరాలంటే మధ్యలోవాళ్ళు అందుకుని ముందుకు పంపాలి. బ్యాటరీ వీళ్ళది, లాభం వాడిది. అందుకే 50 నోడ్లలో (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరం ఒక్కో నోడ్) ఐదింటిని కావాలనే స్వార్థపరుల్ని చేశా. సొంతవి పంపుకుంటాయి, వేరేవాళ్ళవి గుటుక్కున మింగేస్తాయి. అందులో 17వ నంబరుకి నీ పేరు పెట్టా. ఎందుకో నీకు తెలుసు. (ఆ రాత్రి గిన్నెలు ఎవడు తోమాడు?)

2000లో వచ్చిన వాచ్‌డాగ్ పద్ధతితో మొదలెట్టా. ప్యాకెట్ నీకిచ్చి, నువ్వు మళ్ళీ గాల్లోకి వదిలావా లేదా అని చెవొగ్గి వింటాను. రేడియో కదా, పక్కవాడు పంపేది నాకూ వినిపిస్తుంది. వినపడకపోతే నీకో మచ్చ. మచ్చలు పెరిగితే ఇక నీ మీదుగా దారి వెయ్యరు. ప్యాకెట్లన్నీ చక్కగా చేరుతుంటే చంకలు గుద్దుకున్నా. తెల్లవారుజామున బ్యాటరీ లెక్క చూశానురా! మంచి నోడ్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి, 17 మాత్రం నిండు ఛార్జింగ్‌తో కులాసాగా ఉంది. పని చెయ్యడని పని తప్పించాం, వాడి మూటలు మాత్రం మోస్తూనే ఉన్నాం. శిక్ష కాస్తా సెలవైంది. అచ్చం వంట రాదని నువ్వు...

సరే, 'నువ్వు మోస్తేనే నేనూ మోస్తా' అని రూల్ మార్చా. 17 దెబ్బకి దారికొచ్చింది. అంతలో ఇంకో గొడవ. రెండు ప్రసారాలు ఒకేసారి ఢీకొంటే పక్కవాడు పంపినా నాకు వినపడదు. 22 నిజంగానే పంపింది, 31కి వినపడలేదు. 31 అలిగి 22 ప్యాకెట్ పడేసింది, 22 కూడా కక్షకొద్దీ 31ది పడేసింది. ఇద్దరి తప్పూ లేదు! చూస్తుండగానే సగం నెట్‌వర్క్‌కి మాటల్లేవు. పడీపడీ నవ్వాను, తర్వాత ఎందుకో గుండె బరువెక్కింది. మనం మాట్లాడుకోని ఆ ఆర్నెల్లూ... వదిలెయ్.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఓ మచ్చని ఊరికే చెరిపేస్తున్నా. ఎక్కువ చెరిపితే 17 మళ్ళీ పడుకుంటుంది, తగ్గిస్తే అలకలు. మోసినవాడికి నగ్లెట్లని ఓ రకం నాణేలిచ్చే పద్ధతీ ఉంది, సొంత ప్యాకెట్ పంపాలంటే అవి ఖర్చు పెట్టాలి. కానీ అంచున కూర్చున్నవాడి మీదుగా ఎవరి దారీ పోదు, వాడు పాపం ఏం సంపాదిస్తాడు? దానికి నేనో ఉపాయం

అయ్యో, రన్ ఆగిపోయింది, తెరంతా ఎర్ర అక్షరాలు. ఉంటా!