వరదకు ముందే ఉభయచర బండ్ల బ్రేకులు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

వంశధార, నాగావళి పొంగే కాలం రాకముందే, నేల మీదా నీటిలోనూ నడిచే ఎనిమిది చక్రాల బండ్లు ఉన్నవారికి ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వీటి ముందు చక్రాలు కారుకులా పక్కకు తిరగవు. హ్యాండిల్ తిప్పిన వైపు బ్రేకు పట్టి ఆ పక్క చక్రాలు నెమ్మదిస్తే, ఇంజను శక్తిని రెండు పక్కలకు పంచే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ద్వారా శక్తి రెండో పక్కకు మళ్లి బండి తిరుగుతుంది. కాబట్టి స్టీరింగ్ మొరాయిస్తే ముందుగా చూడవలసింది బ్రేకులనే.

కిందటేడు ఆమదాలవలసలోని మా షెడ్డుకు వచ్చిన బండి కుడికి చక్కగా తిరిగేది, ఎడమకు మాత్రం హ్యాండిల్ ఎంత తిప్పినా మెత్తగా పోయేదే తప్ప పట్టు దొరికేది కాదు. మూత విప్పి చూస్తే ఎడమ బ్రేకు ప్యాడ్లు ఇనుప రేకు దాకా అరిగి, వాటి మీద బూడిదరంగు బురద గట్టిపడి ఉంది. ప్యాడ్లు మార్చి, బ్రేకు గొట్టంలోని గాలిని బుడగలు ఆగేదాకా తీసేశాక బండి తిరిగింది. రెండు పక్కల టైర్లలో గాలి సమానంగా లేకపోయినా బండి ఒక వైపుకు లాగుతుంది.

నీటిలో చక్రాలే తెడ్లు గనుక మలుపు ఎలాగూ నిదానమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బ తిన్న మన జిల్లాలో, ప్రవాహం మధ్య ఆ నిదానానికి అరిగిన బ్రేకు కూడా తోడైతే ఎక్కినవారి ప్రాణాలకే ముప్పు. జూన్‌లోగా ప్యాడ్లు విప్పి చూడాలని, నీటిలోంచి వచ్చిన ప్రతిసారీ అడుగున ఉన్న బిరడా తీసి నీళ్లు వదిలేయాలని వేడుకుంటున్నాను.

— ఒక మెకానిక్, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా