అమ్మకి, ఛార్మత్ రాళ్ల సంగతి

అమ్మా,

ఎలగున్నావు, మోకాలి నొప్పి తగ్గిందా, నాన్న బీపీ మాత్రలు టైముకి వేసుకుంటున్నారా. మొన్న ఫోన్లో "అంత చలిలో సముద్రం ఒడ్డున రాళ్లేరుకోవడమేటే గుంటా" అన్నావు, ఇంతలో సిగ్నల్ పోయింది, అందుకే ఇంత రాస్తున్నాను.

మన కళింగపట్నంలో అయితే ఎటు చూసినా ఇసకే కదా, ఇక్కడ ఇంగ్లండ్ దక్షిణాన ఛార్మత్ అనే ఊళ్లో ఒడ్డుని ఆనుకుని బూడిదరంగు మట్టిరాయి కొండలు నిలబడుంటాయి, చలికాలం వానలకి నాని అవి జారిపడిపోతాయి, ఆ మట్టిని అలలు కడిగేస్తే గులకరాళ్ల మధ్య మిగిలేవే ఈ అమ్మోనైట్లు, అంటే రాయిగా మారిపోయిన పాతకాలం సముద్ర జీవుల గుల్లలు. సుమారు 19 కోట్ల ఏళ్ల కిందటివి, స్క్విడ్లకీ ఆక్టోపస్‌లకీ చుట్టాలు. గుల్ల లోపల అన్నీ అరలే, జీవి ఉండేది ఆఖరి అరలో, మిగతావి తేలడానికి.

నాకు దొరికింది రూపాయి బిళ్లంత ఉంటుంది. పైరైట్ అనే ఖనిజం పట్టి ఇత్తడి రంగులో మెరుస్తోంది, గోరుతో మట్టి గీకుతుంటే జంతిక చుట్టలా ఒక్కో గీతా బయటపడింది, వేళ్లు మొద్దుబారిపోయినా వదల్బుద్ధి కాలేదు. కంగారు పడకు, కొండ కిందకి వెళ్లను, సుత్తితో కొట్టను, కింద పడున్నవే ఏరతాను, పోటు రాకముందే వచ్చేస్తాను. పక్కూరు లైమ్ రీజిస్‌లో మేరీ ఆనింగ్ అని ఒకావిడ ఉండేదట (1799-1847), ఇవే ఏరి అమ్ముకుని బతికింది, పెద్ద పెద్ద సముద్ర జంతువుల అస్థిపంజరాలే తవ్వి తీసింది, ఆవిడ కుక్క ఇలా కొండ విరిగిపడే చచ్చిపోయింది. అంత చేసినా ఆడదని లండన్ జియలాజికల్ సొసైటీ అనే భూగర్భ శాస్త్రవేత్తల సంఘంలో చేర్చుకోలేదు, 2022లో మాత్రం విగ్రహం పెట్టారు, కుక్కతో సహా!

ఇంకోటి చెప్తాను, కోప్పడకు. తాతయ్య సాలగ్రామంలో చక్రం ఉంది చూడు, గండకీ నదిలో దొరికే ఆ చక్రాలు కూడా అమ్మోనైట్ల అచ్చులే, జురాసిక్ కాలం నాటివే. దేవుడు కాదనట్లేదు, నువ్వు రోజూ స్నానం చేయిస్తున్నది ఎంత పాతదో చెప్తున్నానంతే.

నాది నీకే పంపిస్తున్నాను. కానీ దీనికి అభిషేకాలవీ చెయ్యొద్దు, పైరైట్‌కి తేమ తగిలితే తెల్లగా పొడై రాలిపోతుంది, మన ఉక్కపోతకి అసలే ఆగదు. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో, మందు సీసాల్లో వస్తుందే ఆ తెల్ల ప్యాకెట్ ఒకటి పడేసి బీరువాలో పెట్టు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్, నాన్నకి చెప్పు మాత్రలు మానొద్దని.

నీ గుంట