అచ్చు చొరబడని చోట

త్బిలీసీ, జార్జియా

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయి ఇక్కడ వైద్యవిద్యలో చేరబోతున్నదని తెలిసి చాలా సంతోషించాను. పాఠాలు ఇంగ్లీషులో జరిగినా, ఆసుపత్రిలో రోగి తన బాధ చెప్పుకునేది జార్జియన్ భాషలోనే కనుక, ఆ నోరు తిరగని హల్లుల గుంపుల గురించి ఆమె ఇప్పటి నుంచే దిగులుపడటంలో అర్థముంది. నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. ఆమెకు చదివి వినిపించు.

ఆమెను హడలగొట్టిన ఎనిమిది హల్లుల మాట, "గ్వ్‌ఫ్ర్‌ౘ్ఖ్వ్నిస్", నిజంగా ఉన్నదే. "అతడు మన తొక్క ఒలుస్తున్నాడు" అని దాని అర్థం కాబట్టి, డాక్టరు కాబోయే పిల్లకు దానితో అవసరం రాకూడదనే కోరుకుందాం. అసలు మన చిక్కు హల్లుల సంఖ్యలో లేదు. "కార్త్స్న్యం" అన్న మాటలో ఐదు హల్లులను ఒకదాని కింద ఒకటి వేలాడదీసి చదివిన జాతి మనది. అయితే సందు దొరికితే చాలు, మన నోరు అక్కడ ఒక అచ్చును దూరుస్తుంది. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసినది ఆ అలవాటే. మన పత్రికలలో ఈ నగరం "టిబిలిసి" అయినదీ అందువల్లనే. ఇక్కడివారు త, బ ల నడుమ ఏ అచ్చునూ రానివ్వరు.

ఇంకొక చిక్కు కంఠంలో ఉంది. జార్జియన్‌లో క, త, ప వంటివి మూడేసి రకాలు: నాదంతో పలికే గ, ద, బ, ఊపిరి వదిలి పలికే ఖ, థ, ఫ, కంఠద్వారాన్ని మూసి, నోటిలో చిక్కిన గాలితోనే టక్కున విడిచే క, త, ప. ఈ మూడవ రకం మనకు కొత్త. ఊపిరి బిగబట్టి "క" అనమను. పెదవుల ముందు పట్టుకున్న కాగితం కదలకుండా శబ్దం మాత్రం స్పష్టంగా వినబడితే వచ్చినట్లే. చలి, జడ అన్న మాటల మొదట మనం పలికే ౘ, ౙ ఇక్కడా ఉన్నాయి, వాటిలో ౘ మళ్లీ రెండు రకాలు. ఖ, ఘ ల ఒరిపిడి ధ్వనులు కూడా ఉన్నాయి కానీ, ఉర్దూ వింటూ హైదరాబాదులో పెరిగిన పిల్లకు ఖబర్, గజల్ అనడం నేర్పాలా?

ఇక గుంపుల సంగతి. ఎంత పొడవైన గుంపునైనా లోపల ఉన్న జంటలుగా వినడం నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పళ్ల దగ్గరి హల్లు ముందు, గొంతు వైపు హల్లు వెంటనే, రెండూ పైన చెప్పిన మూడు రకాలలో ఒకే రకానివై, దాదాపు ఒక్క విడుపులో వస్తాయి. పగలును "ద్ఘె" అంటారు, మేకను "థ్ఖ" అంటారు, అడవిని "త్కె" అంటారు. ఈ మూడు మాటలలో ఆ మూడు రకాలూ ఉన్నాయి. "త్కె"లోని క మన క కాదు. నాలుక మొదలు కొండనాలుకను తాకి పుట్టేది. నీటిని "ౘ్కలి" అన్నప్పుడూ అదే క.

హల్లు వెనుక వచ్చే "వ" చాలావరకు పెదవులను గుండ్రంగా చుట్టడమే. మన పటాలలో కురా అని ఉండే నదిని ఇక్కడ "మ్‌త్క్వరి" అంటారు. పెదవులు మూసి మ, ఆపై త్క జంట (ఈ క మాత్రం కొండనాలుక దగ్గరిది కాదు), దాని మీద పెదవుల చుట్టు, అంతే. ఆరగ్వీ నది దీనిలో కలిసే చోట ఉన్న పాత రాజధాని "మ్‌ౘ్ఖెథ" పేరూ ఈ పద్ధతిలోనే విడిపోతుంది. సాధన మాత్రం వెనుక నుంచి చేయాలి: వరి, క్వరి, త్క్వరి, మ్‌త్క్వరి. ముందు నుంచి మొదలుపెడితే మ దగ్గరే "ము" వచ్చి కూర్చుంటుంది. ఆ ఎనిమిది హల్లుల మాటను కూడా ఇలా విప్పితే గ్వ, ఫ, ర, ౘ్ఖ్వ, న అని ఐదు ముక్కలే మిగులుతాయి.

ఒక ఊరట కూడా ఉంది. మనం బ్యాంకుకు చివర "ఉ" చేర్చినట్లే వీళ్లు "ఇ" చేర్చి "బాంకి" అంటారు, కాబట్టి నామవాచకాల చివర ఆమె నోటికి కష్టం ఉండదు.

బయలుదేరేలోపు ఆమెకు ఈ వాక్యం వచ్చేస్తే మంచిది: "బకకి ౘ్కల్షి కికినెబ్స్." కప్ప నీటిలో బెకబెకమంటున్నదని అర్థం. ఇందులోని ప్రతి క కొండనాలుక దగ్గరిదే. మీ పక్కింటివాళ్లు ఏమైనా అనుకుంటారేమో, తలుపు వేసుకుని చెప్పించు. చలిబట్టలు, అద్దె ఇళ్ల సంగతులు వచ్చే ఉత్తరంలో రాస్తాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాజశేఖరం