పాత ట్రక్కుకు పాత చక్రాలే ఉండాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత ట్రక్కులను బాగుచేసుకుని మళ్లీ రోడ్డెక్కించేవాళ్ల గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజను, క్యాబిను, చెక్క బాడీ, అన్నిటి గురించీ ఓపిగ్గా రాశారు. కానీ చక్రాలు కూడా కంపెనీ నుంచి వచ్చినవే, తుప్పు గీకించి రంగు వేస్తే కొత్తవాటిలా తయారయ్యాయి అని ఒక వాక్యం ఉంది చూశారా, దాని దగ్గర ఆగిపోయాను. పక్కన ఫొటోలో ఉన్నది రింగు చక్రం, అంటే టైరు జారిపోకుండా విడి ఇనుప రింగు పెట్టే పాతరకం. ఒకాయన సరిగ్గా దాని ఎదురుగా గొంతుక్కూర్చుని గాలి పెడుతున్నాడు. ఆ ఫొటో చూశాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఇప్పటి చక్రం మామూలుగా ఒకే ముక్క. మధ్యలో పల్లంగా ఉంటుంది, టైరు అంచును ఒకవైపు ఆ పల్లంలోకి దించి రెండోవైపు ఎక్కిస్తారు. పాత బరువు బండ్ల టైర్లు మొండివి, అలా ఎక్కేవి కావు. అందుకని డిస్కుకు, అంటే టైరు ఎక్కే ఇనుప చక్రానికి, ఒకవైపు అంచు లేకుండా చేసి, ట్యూబు, దాని కింద ఉండే రబ్బరు పట్టీ (ఫ్లాపు)తో సహా టైరును జార్చి, పైన సైడు రింగు పెట్టి, దాన్ని ఆపడానికి గాడిలో లాకు రింగు కూర్చోబెట్టేవాళ్లు. ఆ రింగుకు బోల్టులూ నట్లూ ఏమీ ఉండవు. లోపలి గాలి ఒత్తిడే ఆ రింగును గాడిలోకి నొక్కి పెడుతుంది. గాడి బాగున్నంతకాలం ఇది మంచి పద్ధతే, దశాబ్దాల తరబడి బరువులు మోసింది. కానీ రింగు సగమే కూర్చుంటే, అదే గాలి దాన్ని బయటికి విసిరికొడుతుంది. 20 అంగుళాల వృత్తం వైశాల్యం సుమారు 314 చదరపు అంగుళాలు, చదరపు అంగుళానికి 90 పౌండ్ల గాలి పెడితే అంత వైశాల్యం మీద బలం 28 వేల పౌండ్లు, అంటే 12 టన్నుల పైమాటే. దాని ముందు మనిషి ముఖం ఉండకూడదు.

నేనూ ఒక పాత ట్రక్కును మూడేళ్లుగా బాగుచేసుకుంటున్నాను కాబట్టి ఆ మోజు నాకు తెలుసు. ఒరిజినల్ డిస్కులు దొరికాయంటే సంబరపడ్డాను. ఒక షాపులో శుభ్రం చేయించి రంగు వేయించి తెచ్చుకున్నాను, చూడ్డానికి మెరిసిపోయాయి. ఎందుకో అనుమానం వచ్చి ఒకదాని గాడిలో రంగు గీకి చూస్తే, వెంట్రుకంత సన్నని పగులు ఒకటి చుట్టూ పావు వంతు దాకా పోయి ఉంది. ఇంకోదానికి ఎప్పుడో పగిలితే వెల్డింగు పెట్టి, గ్రైండింగ్ చేసి, మీద రంగు పూసేశారు. మూడో డిస్కు మీద ఉన్న రింగు అసలు దానిది కాదు, ముద్ర వేరు, సైజు దాదాపు అదే అయినా గాడిలో ఒకచోట లేచి కూర్చుంటోంది. షాపాయన్ని అడిగితే "ఇంకోసారి వెల్డింగు పెట్టిస్తా సార్, టెన్షన్ వద్దు" అన్నాడు. ఆయన మోసం చేయాలని అనలేదు, ఆయనకూ ఎవరూ చెప్పలేదు, అంతే.

అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా 1980లోనే ఇలా విడి ముక్కలతో కూర్చే చక్రాల పని ఎలా చేయాలో నిబంధనలు పెట్టింది, 1984లో పెద్ద వాహనాల ఒకే ముక్క చక్రాలకూ వాటిని వర్తింపజేసింది. పగిలిన, వంగిన, తుప్పుతో గుంటలు పడిన భాగాన్ని బాగుచేసి వాడకూడదు, పారేయడమే. వెల్డింగు పెట్టడం, వేడి చేయడం నిషేధం. సరిపోతాయని పట్టికలో చూసుకోకుండా ఒకరి రింగు ఇంకొకరి డిస్కుకు వేయకూడదు. గాలి పెట్టేటప్పుడు చక్రం ఇనుప బోనులో ఉండాలి, గొట్టం కొస వాల్వుకు దానంతటదే పట్టుకుని ఉండాలి, మనిషి పక్కకు దూరంగా నిలబడి మీటరు చూడాలి. గాలి ఉండగా రింగు మీద సుత్తి వేయకూడదు. ఉండాల్సిన గాలిలో 80 శాతం, లేదా అంతకన్నా తక్కువతో నడిచిన టైరైతే, ముందు వాల్వు పిన్ను తీసేసి, గాలంతా పోయాకే చక్రం విప్పాలి. ఈ చివరిది మనవాళ్లు చాలామంది చేయరు, ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి చక్రాన్ని నేరుగా నట్లు విప్పి లాగేస్తారు.

పాతవన్నీ ఒకటే అని నేను అనడం లేదు. మూడు ముక్కల చక్రం, గాడి శుభ్రంగా ఉండి, అన్నీ ఒకే జత అయి ఉండి, బోనూ పని తెలిసిన మనిషీ దొరికితే, నెమ్మదిగా తిరిగే బండికి వాడుకోవచ్చు. కానీ డిస్కే రెండు భాగాలై, టైరు లోపల మధ్యలో ఒకదానికొకటి పట్టుకునే రకం ఒకటుంది, అమెరికాలో దాన్ని విడో మేకర్ అంటారు, అంటే ఆడవాళ్ల పసుపుకుంకుమలు తీసేది అని. గాలి పెట్టాక ఆ పట్టు సరిగ్గా పడిందో లేదో కంటికి కనిపించదు. దాన్ని మాత్రం తీసి పక్కన పెట్టాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు.

పాత చక్రాలు తీసి ఇప్పటివి వేయడం కూడా తేలిక కాదని ఒప్పుకుంటాను. 10.00-20 సైజు టైరుకు బదులు ట్యూబ్‌లెస్ 11ఆర్22.5, 9.00-20కి బదులు 10ఆర్22.5 ఎత్తులో దగ్గరగా వస్తాయి. కానీ స్టడ్ల (చక్రం నట్లు బిగించే మర కడ్డీల) మధ్య దూరం, హబ్బు రంధ్రం, డిస్కు లోతు, బ్రేకు డ్రమ్ముకు తగలకపోవడం, వెనక జంట టైర్ల మధ్య ఖాళీ, ఇవన్నీ కొలవాలి. గుండ్రటి మొన నట్టు పట్టే డిస్కుకు చదును నట్టు బిగించకూడదు. ఎడమవైపు స్టడ్లకు ఎదురు మర ఉండే బండ్లున్నాయి, అది తెలియక బలవంతంగా తిప్పి స్టడ్డే విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకొకటి, సైజులో అర అంగుళమే కదా అనుకోవద్దు. 16 అంగుళాల టైరు 16.5 అంగుళాల డిస్కు మీదకు ఎక్కినట్టే ఉంటుంది గానీ కూర్చోదు, గాలి పెంచుతూ పోతే అంచులోని తీగ తెగి పేలుతుంది. పాత డిస్కులకు రేడియల్ టైర్లు వేసేవాళ్లు, ఆ డిస్కు రేడియల్‌కు తగినదో కాదో ముందు తేల్చుకోవాలి.

నేను చివరికి కొత్త డిస్కులే వేయించాను. ప్రదర్శనకు వెళ్లినప్పుడు చూసినవాళ్లు ఒరిజినల్ కాదే అంటారు, అననివ్వండి. పాతవాటిలో పగిలినవి గ్యాస్‌తో రెండుగా కోయించి తుక్కుకు వేశాను, మళ్లీ ఎవరి బండికీ చేరకుండా.

మీకు ఒక విన్నపం. ఆ ఫొటోలో ఉన్నాయన నంబరు మీ విలేకరి దగ్గర ఉండే ఉంటుంది. ఈ ఉత్తరం అచ్చువేసినా వేయకపోయినా, ఆయన మళ్లీ ఆ చక్రాలకు గాలి పెట్టేలోపు దయచేసి ఒక్క ఫోన్ చేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు