కోవళం పాయింట్ దగ్గర గొడవలు, జూన్ నుంచి మా సర్ఫింగ్ దుకాణంలో మారుతున్న పద్ధతులు

చెన్నై, హైదరాబాద్, నెల్లూరు, తిరుపతి నుంచి మా దగ్గరికి సర్ఫింగ్‌కు వచ్చే అందరికీ నమస్కారం.

చెన్నైకి దక్షిణాన ఉన్న మా కోవళంలో (కేరళ కోవళం కాదు) సర్ఫర్లు అలలు పట్టే చోటైన పాయింట్ దగ్గర ఊరి కుర్రాళ్లకూ బయటి నుంచి వచ్చేవాళ్లకూ మాటామాటా పెరుగుతోందని మీలో చాలామంది మాకు మెసేజ్‌లు పెట్టారు. "డబ్బు కట్టి వచ్చాం, సముద్రం అందరిదీ, అరవడానికి వాళ్లెవరు?" అని ఎక్కువమంది అడిగారు. తెలుగులో మాట్లాడుకుంటున్నందుకే చిన్నచూపు చూస్తున్నారని కొందరు బాధపడ్డారు. మేం రోజూ ఒడ్డున నిలబడి చూసేదాన్ని బట్టి చెబుతున్నాం: గొడవ మొదలయ్యేది నీళ్లలో వరస తప్పినప్పుడు. తప్పినవాళ్లది ఏ భాష అన్నది ఆ తర్వాతే గుర్తొస్తుంది. వారాంతాల్లో ఇక్కడ సర్ఫింగ్ వ్యాపారం నడిచే తీరే ఆ వరసను ఎక్కువగా చెడగొడుతోంది. అందుకని కొన్ని అమ్మకాలు పూర్తిగా ఆపేస్తున్నాం, కొన్ని వేళలు మారుస్తున్నాం.

ముందు అలల లెక్క చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన స్వెల్, అంటే దూరపు గాలులకు లేచిన అలలు, మన తీరానికి ఏటవాలుగా వస్తుంది. అలలు మూడో నాలుగో కలిసి ఒక సెట్‌గా వస్తాయి, తర్వాత కాసేపు నీళ్లు ఊరుకుంటాయి. ఎనిమిది నిమిషాలకో సెట్ అనుకుంటే రెండు గంటల్లో 15 సెట్లు. సెట్‌కు మూడు మంచి అలలు వేసుకుంటే మొత్తం 45. నీళ్లలో పదిమంది ఉంటే తలా నాలుగైదు వస్తాయి. శనివారం పొద్దున ముప్ఫై మంది దిగితే ఒక్కొక్కరికి ఒకటిన్నర. ఒక అల మీద ఒకరే వెళ్లాలి కాబట్టి, చేతకానివాళ్లు పట్టబోయి పడిపోయిన అల ఎవరికీ దక్కకుండా ఒడ్డుకు పోతుంది. 2023 ఆగస్టులో మహాబలిపురంలో వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీ జరిగింది. 2025 ఆగస్టులో అక్కడే ఆసియా చాంపియన్‌షిప్ జరిగి, మన దేశపు సర్ఫర్ రమేశ్ బుదిహాల్‌కు కాంస్యం వచ్చింది. ఈ తీరం పేరు దేశమంతా పాకింది, మంచిదే. అలలు మాత్రం మునుపు ఎన్ని వచ్చేవో ఇప్పుడూ అన్నే.

ఇక ఊరి కుర్రాళ్ల సంగతి. మిమ్మల్ని అల మీదికి తోసి, పడితే లేపే ఇన్‌స్ట్రక్టర్లలో ఎక్కువమంది ఈ ఊరి జాలరి ఇళ్ల పిల్లలే. ఈ సీజన్‌లో పొద్దుటి పూట పడమటి గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తుంది, అల ముఖం నున్నగా ఉంటుంది. ఎండెక్కి సముద్రపు గాలి తిరిగాక అల చెదిరిపోతుంది. అంటే సర్ఫింగ్‌కు బాగుండే గంటలూ, క్లాసులు పెట్టే గంటలూ ఒకటే అయిపోయాయి. ఈ కుర్రాళ్లు తమ ఊరి అలలు కళ్లముందే పోతుంటే నడుంలోతు నీళ్లలో నిలబడి ఇంకొకరి బోర్డు తోస్తూ ఉండాలి. వాళ్ల కోపాన్ని మేం తప్పు పట్టలేం.

కాబట్టి మొదటి మార్పు: 6 గంటల క్లాసు ఇక ఉండదు. మొదటి క్లాసు 7:15కు. తెల్లవారుజాము 5:30 నుంచి 7 దాకా ఇన్‌స్ట్రక్టర్లు తమ కోసం సర్ఫ్ చేసుకుంటారు, అందుకు జీతంలో కోత ఉండదు. దీనివల్ల మీకు నష్టమేమీ లేదు. కొత్తవాళ్లు నేర్చుకునేది విరిగిపోయి నురుగుగా వచ్చే అల మీద. అది నున్నగా ఉందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఎండ కొంచెం ఎక్కువ తగులుతుంది కనుక చేతులు పూర్తిగా కప్పే రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) మేమే ఇస్తాం.

రెండో మార్పు: కొత్తవాళ్లను ఎవరినీ పాయింట్‌కు తీసుకెళ్లం. ఎంత బతిమాలినా, ఫొటో కోసమైనా సరే. క్లాసు అంతా పాయింట్‌కు ఉత్తరాన, అక్కడి నుంచి వచ్చే సర్ఫర్ల దారి దాటాక, ఇసుక నేల మీద. ఈ నెలల్లో ఒడ్డు వెంబడి ప్రవాహం ఉత్తరానికి లాగుతుంది. పాయింట్‌కు దక్షిణాన దిగితే పావుగంటలో మీకు తెలియకుండానే సర్ఫర్లు లేచే చోటికి కొట్టుకొస్తారు. పోయిన సీజన్‌లో జరిగిన తగాదాలు చాలావరకు ఇలా మొదలైనవే. దిగే ముందు ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోండి, ఏదైనా జెండానో పడవో. పది నిమిషాలకోసారి దాన్ని చూసుకుని, పక్కకు జరిగి ఉంటే నీళ్లలోంచి బయటికొచ్చి ఇసుక మీద నడిచి వెనక్కి రండి. ప్రవాహానికి ఎదురు ప్యాడిల్ కొట్టి (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసి) భుజాలు నొప్పి చేసుకోవద్దు.

పాయింట్ మీద సర్ఫ్ చేయగలిగినవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. కోవళం పాయింట్ అల కుడిచేతి అల. ఒడ్డు వైపు ముఖం పెట్టి లేస్తే కుడికి, అంటే ఉత్తరానికి, విరుచుకుంటూ పోతుంది. అల మొదట విరిగే చోటు పీక్. పీక్‌కు అందరికంటే దగ్గరగా ఉండి లేచినవాళ్లదే ఆ అల. వాళ్ల ముందు ఇంకొకరు లేస్తే అది డ్రాప్ ఇన్. చేసినవాళ్లలో చాలామందికి చేశామని కూడా తెలియదు, ఎందుకంటే చూపు ఒడ్డు మీదే ఉంటుంది. ఆఖరి రెండు ప్యాడిల్స్ వేసే ముందు తల తిప్పి ఎడమ భుజం మీంచి పీక్ వైపు చూడండి. ఎవరైనా లేస్తుంటే వెంటనే లేచి బోర్డు మీద కూర్చుని, తోక భాగం నీళ్లలోకి నొక్కండి. బోర్డు అక్కడికక్కడే ఆగి అల కింద నుంచి వెళ్లిపోతుంది.

స్నేకింగ్ అంటే వరసలో ముందున్న మనిషి చుట్టూ ప్యాడిల్ కొట్టి పీక్ పక్కన చేరడం. నియమం ప్రకారం అల మీదే అయిపోతుంది, కానీ తిరుమల క్యూలో మధ్యలో దూరినవాడిని చూస్తే ఎంత మండుతుందో ఇక్కడా అంతే మండుతుంది. 9 అడుగుల లాంగ్‌బోర్డ్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ బోర్డు అలను అందరికంటే ముందే పట్టేస్తుంది కాబట్టి, కావాలనుకోకుండానే ప్రతి సెట్‌నూ మీరే తీసుకుంటుంటారు. ఒక అల పట్టాక వరస చివరికి రండి, కనీసం ఒక సెట్ వదలండి.

వీటన్నిటికంటే ప్రమాదమైనది లోపలికి వెళ్లే దారి. అల విరిగే చోటు మధ్యలోంచి కాకుండా, ఉత్తరాన అల చివర దాటి చుట్టూ తిరిగి వెళ్లాలి. అయినా ఒక్కోసారి సెట్ మధ్యలో ఇరుక్కుంటారు, ఎదురుగా ఎవరో అల మీద వస్తుంటారు. అప్పుడు అందరి చేతులూ విరగని భాగం వైపే ప్యాడిల్ కొడతాయి, తప్పించుకోవాలని. అల మీద ఉన్న మనిషి వెళ్లేదీ అటే. మీరు నురుగులోకి, అతని వెనక భాగంలోకి తిరగాలి. అల మీ నెత్తిన విరుగుతుంది, రెండు గుటకల ఉప్పునీళ్లు తాగుతారు, బోర్డు పట్టుకుని ఉంటే ఇంకేమీ కాదు. ఇలా చేసిన కొత్తవాళ్లను ఈ ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనడం మేం చూడలేదు.

బోర్డు వదిలేయడం మీద కూడా గొడవలొస్తాయి. 8 అడుగుల బోర్డుకు 8 అడుగుల లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు) కడతాం. మీరు బోర్డు వదిలేసి మునిగితే అది మీ వెనక 16 అడుగుల దాకా, లీష్ సాగితే ఇంకొంచెం, విసురుగా పోతుంది. ఆ వలయంలో ఉన్నవాళ్లకు ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) తగులుతుంది. సాఫ్ట్‌టాప్‌కు, అంటే పైన ఫోమ్ ఉన్న బోర్డుకు, మెత్తటి ప్లాస్టిక్ ఫిన్లుంటాయి కాబట్టి కమిలి ఊరుకుంటుంది, ఫైబర్ ఫిన్ అయితే కుట్లే. మీ సొంత బోర్డు తెచ్చుకునేవాళ్లు లీష్‌ను బోర్డుకు కట్టే దారాన్ని రోజూ చూడండి. దారం పొడుగ్గా ఉండి బోర్డు అంచు మీదికి వస్తే లాగినప్పుడల్లా అంచును కోస్తుంది. అంచును తాకాల్సింది దారం పక్కనుండే వెడల్పాటి పట్టీ మాత్రమే. స్వివెల్ (లీష్ మెలిపడకుండా తిరిగే కీలు) పక్కన ప్లాస్టిక్ తెల్లబడి బీట ఇచ్చి ఉంటే ఆ లీష్ పారేయండి, మా దగ్గర కొత్తది దొరుకుతుంది.

మూడో మార్పు దీనికి సంబంధించిందే. గట్టి బోర్డులను అడిగిన వెంటనే అద్దెకివ్వం. ముందు పాయింట్‌కు అవతల ఇరవై నిమిషాలు సాఫ్ట్‌టాప్ మీద చూపించాలి: అల మీద కుడికి తిరగడం, ఎదురుగా మనిషి ఉంటే అలలోంచి బయటికి తప్పుకోవడం, నురుగు మీద పడ్డప్పుడు బోర్డు వదలకపోవడం. ఎన్నేళ్లుగా చేస్తున్నారన్నది అడగం, చూస్తాం. మీ బోర్డు మీదే అయినా మా ద్వారా పాయింట్‌కు వెళ్తుంటే ఇదే పద్ధతి. తొలిసారి వచ్చినవాళ్లు మొదటి ఇరవై నిమిషాలు వరస చివర కూర్చుని ఎవరి తర్వాత ఎవరు వెళ్తున్నారో గమనించండి. సెట్‌లో పెద్ద అలలు వదిలి, మిగిలిన చిన్నవి తీసుకోండి. ఆరుగురు ఒక్క కారులో వచ్చి ఒకేసారి దిగితే వరస మొత్తం కదిలిపోతుంది, ఇద్దరిద్దరుగా దిగండి. పొరపాటున ఎవరి ముందైనా లేస్తే "సారీ అన్నా" చాలు, అది తమిళమూ అవుతుంది, తెలుగూ అవుతుంది.

సర్ఫర్ల కంటే ముందు ఈ ఒడ్డు మీద హక్కు జాలర్లది. ఫైబర్ పడవలు పొద్దున్నే వేట నుంచి తిరిగొస్తాయి, నురుగులో ఇంజిన్ ఆపలేరు, పక్కకు తిప్పలేరు. పడవ వస్తుంటే అటూఇటూ యాభై అడుగులు ఖాళీ చేయండి. అలివి వల వేసి ఉంటే తాడు ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయి మళ్లీ ఒడ్డుకు వస్తుంది. ఆ రెండు తాళ్ల మధ్య దిగితే వాళ్ల వేట పోతుంది, మీ లీష్ వలలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానముంటే "అన్నా, వలై ఇరుక్కా?" (వల ఉందా?) అని అడగండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. అది తీరిన తొలి వారాల్లో ఒడ్డు మరీ రద్దీగా ఉంటుంది, ఆ పదిహేను రోజులూ మాకు శని, ఆదివారాల్లో క్లాసులుండవు.

ఊరివాళ్ల వైపు తప్పు లేదని మేం అనడం లేదు. కొత్తవాళ్లను బూతులు తిట్టడం, భయపెట్టడానికి బోర్డు దగ్గరగా పోనివ్వడం, బయటివాళ్ల వంతు అని తెలిసీ వాళ్ల ముందు లేవడం, ఇవి ఎవరు చేసినా తప్పే. ఆటుపోట్ల మధ్య నేల ప్రజలది, అల ఎవరి పట్టాలోనూ లేదు. కాలిఫోర్నియాలో లునాడా బే అనే చోట స్థానికులు ఏళ్ల తరబడి బయటివాళ్లను రాళ్లతో, కార్ల టైర్లు కోసి తరిమారు. 2016లో అది కోర్టుకెక్కింది, ఒడ్డున వాళ్లు కట్టుకున్న రాతి గూడును అదే ఏడాది పడగొట్టారు. కోవళం అలా కాకూడదని ఊరి పెద్దలతోనూ కుర్రాళ్లతోనూ కూర్చుని మాట్లాడాం. మా దగ్గర పనిచేసేవాళ్లెవరైనా వచ్చినవాళ్ల మీద చేయి చేసుకున్నా, బూతులు తిట్టినా ఆ సీజన్‌కు పని ఉండదు. నీళ్లలో మీకు ఎవరితోనైనా ఇబ్బంది వస్తే అక్కడే వాదన పెట్టుకోకండి, ఒడ్డుకొచ్చి మా ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే పూచీ మాది.

ఇక డబ్బు సంగతి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఇకపై నలుగురే, ఇదివరకు ఆరుగురు. క్లాసు 1,500 నుంచి 1,800 అవుతుంది, పెరిగిన 300 పూర్తిగా ఇన్‌స్ట్రక్టర్‌కే. ఇరవై, ముప్ఫై మందితో వచ్చే ఆఫీసు టీములను వారాంతాల్లో తీసుకోం. బుధ, గురువారాల్లో రెండు బ్యాచులుగా తీసుకుంటాం. ఓఎంఆర్ (చెన్నై ఐటీ కంపెనీలుండే రోడ్డు) కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకు ఇది నచ్చదని తెలుసు, మాకూ వారాంతపు రాబడి తగ్గుతుంది.

స్వెల్ 1.2 మీటర్లు, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి) 10 సెకన్లు దాటితే క్లాసు బాగా ఉత్తరానికి జరుపుతాం. 1.8 మీటర్లు దాటితే రద్దు. ఎత్తు మాత్రమే చూసి "చిన్న అలలే కదా" అనుకోకండి. అదే ఎత్తుకు పీరియడ్ 6 నుంచి 12 సెకన్లయితే అల మోసుకొచ్చే శక్తి రెట్టింపవుతుంది. నిర్ణయం ముందురోజు సాయంత్రం 6 గంటలకు వాట్సాప్‌లో చెబుతాం. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సు ఎక్కేవాళ్లు అది చూశాకే ఎక్కండి. మేం రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కిస్తాం, తేదీ మార్చుకుంటామన్నా సరే. జూన్ నుంచి ఉన్న తేదీలకు 6 గంటల క్లాసు ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు పాత ధరే, వేళ మాత్రం 7:15.